అత్తకు చదివిన యుద్ధం

యుద్ధం పుస్తకాలు చదివే ఆడపిల్లను మా వీధివాళ్లు అంతకు ముందు చూడలేదు. చూశాక కూడా వాళ్లకు నచ్చలేదు. ఆడపిల్ల పుస్తకం పట్టుకుంటేనే వింతగా చూసే రోజులవి. ఆ పుస్తకం మీద ఫిరంగి బొమ్మ కూడా ఉంటే ఇక చెప్పాలా?

కడపలో ఆడపిల్లల బడిలో నేను కొత్తగా టీచరుగా చేరాను. కర్నూలు ఇంకా రాజధాని కాని రోజులు, వానలు మొహం చాటేసి ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన రోజులు. మా బడి పెద్ద టీచరమ్మ సముద్రాల అవతలి నుంచి వచ్చిన ముసలి దొరసాని. ఆమె అన్న సైన్యంలో పెద్ద పని చేసి ఇంటికి చేరాడట. జనరళ్లు రాసిన యుద్ధం పుస్తకాలు, తాను చదివేసినవన్నీ చెల్లెలికి పంపేవాడు. ఆమె వాటిని విప్పను కూడా విప్పకుండా బీరువాలో పడేసేది. ఒకరోజు బీరువా దులుపుతూ, నీకు పనికొస్తాయా అని అడిగింది. అలా ఆ జనరళ్లందరూ నా పాలబడ్డారు.

అవి నాకెందుకు అంత నచ్చాయో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. మా పెరట్లో కోడిని కోస్తుంటే చెవులు మూసుకుని వీధిలోకి పరిగెత్తే దాన్ని నేను. అలాంటిదాన్ని, ఒక పటాలం పటాలమే అడవిలో దారి తప్పి చస్తుంటే, ఒళ్లో బొరుగులు పోసుకుని ఒక్కొక్క గుప్పెడే నోట్లో వేసుకుంటూ పుటలు తిప్పేదాన్ని. గెలిచిన జనరళ్ల కంటే ఓడినవాళ్లే నాకు ఎక్కువ ఇష్టం. గెలిచినవాడు గొప్పలు చెబుతాడు. ఓడినవాడు కారణాలు చెబుతాడు. కారణాల్లోనే కథంతా ఉంటుంది. దేశపటాలు ఉన్న పుట వస్తే నేల మీద శనగకాయ తొక్కలు పరిచి, ఇది మన సైన్యం, ఇది వాళ్ల సైన్యం అని జరుపుకుంటూ కూర్చునేదాన్ని. "ఇంట్లో ఉప్పు డబ్బా యాడుండాదో తెలీదు గానీ, బర్మాలో వంతెన యాడుండాదో దీనికి తెలుసు" అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

వంతెనల సంగతి ఎలా ఉన్నా, ఆ పుస్తకాల్లో వానలు పడేవి. అది మాత్రం గట్టిగా చెప్పగలను. పుటలకు పుటలు వాన. గుడారాలు కొట్టుకుపోయే వాన, బండ్లు బురదలో ఇరుక్కుపోయే వాన, నెలల తరబడి బట్టలు ఆరని వాన. చుక్క నీరు లేక బావి అడుగు కనిపిస్తున్న ఇంట్లో కూర్చుని ఆ వానను చదువుతుంటే ప్రాణం లేచొచ్చేది. జనరల్ గారు ఆ వానను తిట్టిపోస్తుంటే నాకు కోపం వచ్చేది. ఈయనకు ఒక్క ఎండాకాలం కడపలో ఉద్యోగం వేస్తే తెలిసొచ్చేది అనుకునేదాన్ని.

మా ఇల్లు సాలెవాళ్ల ఇల్లు. నాన్న మగ్గం వదిలి చీరల అంగడి పెట్టుకున్నా, నాన్నకు అక్క అయిన మా మేనత్త మాత్రం చేయి ఖాళీగా ఉంచేది కాదు. రాట్నం ముందు కూర్చుని వీధిలో నేసేవాళ్లకు నూలు కండెలు చుట్టి పెట్టేది. ఆమె రాట్నం చప్పుడు లేకుండా మా ఇంట్లో మధ్యాహ్నం గడవదు.

అత్త సంగతి చెప్పాలి. ఆమెను కోడుమూరులో ఇచ్చారు. పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాలు రెండు ఉగాదులు కలిసి చేసుకున్నారేమో, అంతే. యుద్ధం వచ్చి నూలు దొరక్క ఊళ్లో మగ్గాలు ఆగిపోయాయి. మామ పని వెతుక్కుంటానని పోయి సైన్యంలో చేరిపోయాడు. తుపాకి పట్టే పని కాదు, రోడ్లు వేసే పని అన్నారు. ఎవరి చేతనో రాయించిన కార్డులు కొన్ని వచ్చాయి. ప్రతి కార్డులోనూ క్షేమం, క్షేమమని తలుస్తాను, అంతకు మించి ఒక్క మాట లేదు. తర్వాత అవీ ఆగిపోయాయి. బర్మా వైపు పంపినారని ఒకరు, కాదని ఇంకొకరు. యుద్ధం అయిపోయాక అడిగితే ఆచూకీ తెలియలేదన్నారు. చనిపోయాడని ఒప్పుకుని వేలిముద్ర వేస్తే పింఛను వస్తుందన్నారట. అత్త వేయలేదు. ఎందుకు వేయలేదో ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయి ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి ఆమెతో ఎలా మసలుకోవాలో మా వీధికి తెలియలేదు. నుదుట బొట్టు, చేతులకు గాజులు, కాళ్లకు మెట్టెలు అన్నీ ఉన్నాయి. పేరంటానికి పిలవాలా వద్దా? పిలిచినవాళ్లు, అయ్యో పిలిచామే అని తర్వాత బాధపడేవాళ్లు. పిలవనివాళ్లు, పిలవలేదే అని బాధపడేవాళ్లు. ఒకామె కుంకుమ భరిణె ఇటు చాచి, మధ్యలో గుర్తొచ్చినట్టు ఆగిపోయి, పక్కనున్నామెకు పెట్టడం నేను కళ్లారా చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం ఏమీ జరగనట్టు తమలపాకులు తీసుకుని ఇంటికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. ఆయన వస్తాడని ఆమె అనుకుంటున్నదో, రాడని అనుకుంటున్నదో, ఆమె ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

రాజధాని కర్నూలుకు వచ్చిన మరుసటి ఎండాకాలంలో అనుకుంటాను, కోడుమూరు నుంచి మామకు అన్న అయిన ఆయన వచ్చాడు. మంచి మనిషి. వచ్చీ రాగానే విషయం చెప్పలేక, మజ్జిగ తాగి, మళ్లీ నీళ్లు తాగి, అరుగు మీద చాలాసేపు తుండుగుడ్డ మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి నాన్నతో అన్నాడు.

"ఏమప్పా, పన్నెండేండ్లు అయిపాయ. మా అయ్యవారు ఇంగ ఆపకూడదంటాండాడు. దర్భలతో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, దినాలు చేయాలంట. కర్మ లేక మా తమ్ముడు నీళ్లకు అల్లాడతా తిరుగుతాంటాడంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సంగటి ముద్ద గొంతులో దిగల్యా." ఆ మాట అంటూనే ఏడ్చేశాడు.

మనిషి జాడ తెలియకుండా పన్నెండేళ్లు దాటితే అలా బొమ్మను దహనం చేసి కర్మ చేయడం మాలో ఉన్నదే. అయితే ఆ బొమ్మ కాలాక పదో దినాన అత్త గాజులు తీయాలి, బొట్టు తీయాలి. "అక్కను అడగాల కదప్పా" అని మాత్రం అన్నాడు నాన్న.

లోపల రాట్నం ఆగింది. అత్త గడప దగ్గరికి వచ్చి తలుపు చాటున నిలబడింది.

"పాప దగ్గర యుద్ధం పుస్తకం ఉండాది. అది మొదుట్నుంచి కడదాకా చదివించుకుంటా. అది అయిపోయినాక చెప్తా" అన్నది.

నాన్న నా వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. నేను ఎవరి వైపు చూడాలో తెలియక గోడ వైపు చూశాను. కోడుమూరు ఆయన మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయనకు యుద్ధం పుస్తకం అంటే పురాణమే. పురాణంలో యుద్ధ ఘట్టం మొదలుపెట్టాక మధ్యలో ఆపితే ఇంటికి అరిష్టమని, పట్టాభిషేకం దాకా చదివి కొబ్బరికాయ కొట్టాలని మా వైపు నమ్మకం. "చదివించుకోమ్మా, నిదానంగా చదివించుకో" అని, లోపలికి వచ్చి, పీట మీద ఉన్న నా పుస్తకానికి దండం పెట్టి వెళ్లిపోయాడు. అట్ట మీద జనరల్ గారు నోట్లో పైపు పెట్టుకుని ఆ దండం అందుకున్నారు.

బడికి సెలవులు. మరునాటి నుంచి మధ్యాహ్నాలు చదవడం మొదలుపెట్టాను. బర్మాలో ఓడిపోయి వందల మైళ్లు వెనక్కి నడిచి, మళ్లీ పోయి గెలిచిన ఒక జనరల్ తన గురించి తాను రాసుకున్న లావుపాటి పుస్తకం అది. అత్త కాళ్లు కడుక్కుని వచ్చేది. వద్దంటే వినకుండా జనరల్ నుదుట కుంకుమ బొట్టు పెట్టేది. తర్వాత రాట్నం ముందుకు జరుపుకుని, "ఊ" అనేది.

చదవడమంటే ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పడం. అది మాటలతో అయ్యే పనా? ఆ హోదాలు ఎన్ని రకాలో! మొదట్లో ఉన్నవి ఉన్నట్టు చెప్పబోయాను. "అంతమంది నాకు గుర్తుండరు మే, పెద్దాయన, నడిపాయన, చిన్నాయన అని చెప్పు" అన్నది. ఆ తర్వాత ఆ యుద్ధమంతా ఒక ఇంటి అన్నదమ్ముల వ్యవహారంలాగే నడిచింది. నడిపాయనకు, చిన్నాయనకు లారీల విషయంలో తగాదా వస్తే, "పెద్దాయనది తప్పు. ముందే పంచి పెట్టాల్సింది" అని తీర్పు చెప్పేది. నాకు నవ్వాగేది కాదు. జనరల్ గారే ఆ తగాదాను మూడు పుటలు రాసి కూడా తప్పెవరిదో తేల్చలేకపోయారు.

కానీ ఆమె అడిగే ప్రశ్నలు నన్ను తికమక పెట్టేవి. ఆమె మొగుడి కోసం వెతుకుతున్నదని నేను అనుకున్నాను. రోడ్లు వేసే పటాలం పేరు ఎక్కడైనా వస్తుందేమోనని నేనే ముందు ముందు పుటలు తిరగేసి చూసేదాన్ని. ఆమె పటాలం సంగతే అడగలేదు. తడిసిన బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు? ఆ అడవిలో ఏం చెట్లు ఉంటాయి? వెదురా? వెదురు పూస్తే ఎట్ల ఉంటుంది? జలగ పట్టుకుంటే ఉప్పు వేస్తారా, నిప్పు పెడతారా? జ్వరం వచ్చినవాణ్ని ఎవరు మోస్తారు? ప్రాణం పోయేటప్పుడు నోట్లో నీళ్లు ఎవరు పోస్తారు? కొన్నింటికి పుస్తకంలో జవాబు ఉండేది, కొన్నింటికి ఉండేది కాదు. అడిగిందే మళ్లీ అడిగేది. నేను చెప్పింది రాట్నం చప్పుడులో కలిపేసి, పెదవులు కదిపీ కదపకుండా తనలో తాను అనుకునేది. పరీక్ష ముందు మా బడి పిల్లలు ఎక్కాలు అనుకున్నట్టుగా ఉండేది. పేరు రాసుకోను కూడా రాని ఆమెకు ఈ పరీక్ష ఎవరు పెట్టారో నాకు అంతుబట్టలేదు.

పోనీ, అంత దిగులుగా వింటున్నదా అంటే అదీ లేదు. ఒకచోట జనరల్ గారు తడిసిన బూట్లు నిప్పు దగ్గర ఆరబెట్టుకుని నిద్రపోతారు. తెల్లవారి చూస్తే బూట్లు కాలి బొగ్గయి ఉంటాయి. ఆయన పాదం చిన్నది, దొరికిన బూట్లేమో ఒక ఆరడుగుల సిపాయివి. లోపల గడ్డి కుక్కుకుని, టపటపలాడించుకుంటూ, దారిలో కనిపించిన ప్రతి సిపాయి సలాం అందుకుంటూ కొండ దిగుతారు. అది విని అత్త నవ్విన నవ్వు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. కండె చేతిలోంచి జారిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి, ఇదేం వినడం అన్నట్టు చూసి వెళ్లింది. నేనూ నవ్వాను గానీ మనసు కుదుటపడలేదు. ఈమె కూడా నాలాగే సరదాకు వింటున్నదా? వింటే తప్పా? మరి పుస్తకం చివర కోడుమూరుకు చెప్పాల్సిన జవాబు ఉందే, అది గుర్తుందా లేదా? రోజురోజుకు ఎడమ చేతి వైపు పుటలు లావవుతుంటే, కుడి చేతి వైపు పుటలు పలచబడుతుంటే, నాకే గుబులుగా ఉండేది.

నది దగ్గరి ఘట్టం వచ్చింది. శత్రువు దగ్గరికి వచ్చేస్తున్నాడు. సైన్యం నది దాటాలి, ఉన్నది ఒక్కటే వంతెన. సగం మంది దాటారు, సగం మంది ఇంకా అవతలే ఉన్నారు. వంతెన శత్రువు చేతికి చిక్కకూడదని దాన్ని పేల్చేయమని జనరల్ గారు ఆజ్ఞ ఇస్తారు. అవతలి వాళ్లు అవతలే ఉండిపోతారు. తన జీవితంలో అంత బరువైన నిర్ణయం మరొకటి లేదని ఆయన రాశారు. అది నిజమే అయ్యుంటుంది. తర్వాతి ప్రకరణంలో కొండ మీద టీ తాగుతారు.

రాట్నం ఆగిపోయింది.

"ఇంగోసారి చదువు" అన్నది అత్త. మళ్లీ చదివాను.

"అప్పుడు వాన పడతాందా?"

"అంతకు ముందు నుంచే పడుతోందత్తా. తెల్లవారుజామున పేల్చారు."

"అవతల ఉండేటోళ్లు ఏం చేసినారు?"

"కొందరు వెదురు బొంగులు కట్టుకుని ఈదుకుంటూ వచ్చారు. ఖాళీ డబ్బాలు పట్టుకుని కొందరు వచ్చారు."

"ఈత రానోళ్లు?"

పుస్తకంలో వాళ్ల మాట లేదు. లేదని చెప్పాను.

"మీ మామకు ఈత రాదు. మా కోడుమూర్లో ఈత నేర్చుకునేకి నీళ్లు యాడుండాయి?" అన్నది. గొంతులో తడి లేదు. సంగటిలోకి ఉప్పు లేదన్నట్టుగా చెప్పింది. కాసేపటికి రాట్నం మళ్లీ మొదలైంది. మామ ఆ నది దగ్గరికి పోయాడో లేదో ఎవరికీ తెలియదని, అసలు ఆ దేశంలో ఉన్నాడో లేదో కూడా తెలియదని చెప్పాలనిపించింది. చెప్పకుండా పుట తిప్పాను.

పుస్తకం అయిపోయింది. శత్రువుల పెద్దలు కత్తులు తెచ్చి అప్పగించారు. జనరల్ గారు ఇంటికి పోయి గులాబీ మొక్కలు నాటుకున్నారు. నేను పుస్తకం మూసేశాను.

"తర్వాత?" అన్నది అత్త.

"తర్వాత ఏం లేదత్తా. పట్టాభిషేకం కూడా అయిపోయింది."

"ఆడోళ్లు రాల్యా?"

ఏ ఆడవాళ్లు అని అడిగాను. నా వైపు వింతగా చూసింది. పురాణంలో యుద్ధం అయిపోయాక ఆడవాళ్లు రణరంగానికి వస్తారు, పీనుగుల మధ్య ఎవరి మనిషిని వాళ్లు వెతుక్కుని తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తారు, ఆ ఘట్టం ఏది అని అడిగింది. పుస్తకం తీసుకుని వెనక అట్ట తెరిచి, పుటలు ఎవరైనా చింపారేమోనని కుట్టు దగ్గర వేలు పెట్టి చూసింది. ఎవరూ చింపలేదు. అంత లావు పుస్తకంలో ఏడ్చిన ఆడది ఒక్కతీ లేదు.

"సరే. కోడుమూరుకు చెప్పి పంపమని మీ నాయనకు చెప్పు. చేసేయమను" అన్నది.

"అత్తా, ఇందులో మామ గురించి ఒక్క ముక్క లేదు. చనిపోయాడని ఎక్కడ ఉంది? నీకు నేనేం చదివానని?"

"నేను ఆయన కోసరం వెతికినానని నీకు ఎవురు చెప్పినారు?" అని రాట్నం మూలకు జరిపి లేచిపోయింది.

ఆ రోజు ఇంట్లో నాకు అన్నం సహించలేదు. "ఏం చదివినావు మే దానికి? ఇన్నేండ్లు నిక్షేపంగా ఉన్న మనిషి గదా!" అని అమ్మ నా మీద పడింది. బొరుగులు నములుతూ సరదాగా చదువుకున్న పుస్తకం మా అత్త గాజులు తీయిస్తుందని నేను కలగన్నానా? ఎక్కడ ఏ మాట చెప్పి ఆమె ఆశ తెంపేశానో అని ఆ పుస్తకం మొదటి నుంచి మళ్లీ తిరగేశాను. దొరకలేదు.

బస్సులు మారి కోడుమూరుకు పోయాం. కర్నూలులో బస్సు కోసం ఎదురుచూస్తుంటే కొత్త రాజధాని డేరాలు కనిపించాయి. సర్కారు కచేరీలన్నీ గుడారాల్లోనే. గుమాస్తాలు కాగితాలు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టుకుని రాసుకుంటున్నారు. అత్త ఎండకు చేయి అడ్డం పెట్టుకుని అటు చాలాసేపు చూసింది. "ఇంత మందిని దించినారు, నీళ్లు దూరంగా పెట్టుకున్నారు. గాలి ఎదురుగా ఉండాది. పెద్దాయన ఎవురో గానీ తెలివి లేనోడు" అన్నది. కర్మ చేయించడానికి పోతున్న మనిషి ఆ మాట అంటే నవ్వాలో ఏడవాలో తెలియక నేను నీళ్ల చెంబు ఆమెకు అందించాను.

హంద్రి ఒడ్డున కర్మ. ఏరంతా ఇసుకే. చెలమ తీసి నీళ్లు తోడుకున్నారు. అయ్యవారు దర్భలతో మనిషి ఎత్తు బొమ్మ కట్టి, దాని మీద మామ నేసిన పాత పంచె ఒకటి కప్పాడు. అది చూడగానే మామ అన్న కూలబడిపోయాడు. ఊళ్లోని సాలె ఆడవాళ్లందరూ వచ్చి అత్త చుట్టూ కూర్చున్నారు.

మా వైపు ఏడుపంటే కన్నీళ్లు కార్చడం కాదు. మాట చెప్పి ఏడవాలి. పోయినవాడి గుణాలు చెప్పాలి, ఏం తిన్నాడు, ఏం అడిగాడు, ఎట్లా పోయాడు, ఆఖరుకు ఎవరు నీళ్లు పోశారు, అన్నీ చెప్పుకుంటూ రాగం తీయాలి. పెళ్లాం ఒక మాట అంటే చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. మాట లేకుండా ఊరికే వెక్కితే, "దానికి మొగుడి మీద మనసే లేదు" అని నెలల తరబడి చెప్పుకుంటారు. ఆ ఆడవాళ్లందరూ అత్త నోటి వైపే చూస్తున్నారు. అత్త బొమ్మను చూస్తూ ఊరకే కూర్చుంది. ఒకామె ఇంకొకామెను మోచేత్తో పొడిచింది.

అప్పుడు అత్త రెండు చేతులు ముందుకు చాపి అందుకుంది.

"ఎండకు పుట్టినోడా, వానకు పోతివా సామీ! తడిసిన గుడ్డ ఒంటి మీదనే ఆరెనా సామీ! పూయని వెదురు పూసిన అడివిలో నడిస్తివా, జలగలకు నెత్తురు పోస్తివా సామీ! నిప్పు కాడ బూట్లు పెడితివా, తెల్లారేసరికి బొగ్గులాయనా, పరాయోని బూట్లలో గడ్డి కూరుకొని కొండ దిగితివా సామీ!"

ఆ బూట్ల మాటకు కోడుమూరు ఆడవాళ్లు గొల్లుమన్నారు. "అయ్యో, గడ్డి కూరుకున్నాడంట తల్లీ!" అని గుండెలు బాదుకున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అవి జనరల్ గారి బూట్లు. వాటికే మా ఇంట్లో ఈ మనిషి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"అవతల గడ్డన నిన్ను వదిలిరా సామీ! నీ కండ్ల ముందరే వంతెన ఇరిసిరా సామీ! ఈదేటోళ్లు ఈదిరి, ఈత రాని నీకు ఎవురు బొంగు అందించిరి? వాన నీళ్లే నోట్లో పడెనా, నేను పోయాల్సిన నీళ్లు ఆకాశం పోసెనా సామీ!"

అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు పగిలిపోయింది. ఆ ఏడుపు ఎవరు చూసినా దొంగ ఏడుపు అనలేరు. పన్నెండేళ్లలో నేను చూడని కన్నీళ్లు చెంపల మీదుగా, మెడ మీదుగా, రవిక తడిసేలా కారాయి. నేనూ ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో నాకే తెలియదు. మామ కోసమా, వంతెన అవతల ఉండిపోయినవాళ్ల కోసమా, జనరల్ గారి బూట్ల కోసమా?

బొమ్మకు నిప్పు పెట్టి వచ్చాక మామ అన్న నన్ను పక్కకు పిలిచాడు. కళ్లు తుడుచుకుంటూ, "పాపా, ఆ వాన, ఆ వంతెన, ఆ బూట్లు, అంతా పుస్తకంలో రాసినారా?" అని అడిగాడు.

రాశారన్నాను. అది అబద్ధం కాదు. నిజమని చెప్పడానికీ నాకు నోరు రాలేదు. "మా వాని గురించి అంత రాసినారా!" అని ఆయన ఇసుకలో అలాగే కూర్చుండిపోయాడు. తమ్ముడు నీళ్లు లేక అల్లాడడం లేదని ఆయనకు నమ్మకం కుదిరింది. ఆ పూట ఆయన అన్నం తిన్నాడు.

పదో దినాన గాజులు తీసేటప్పుడు అత్త తానే చేతులు ముందుకు చాపింది. నేను చూడకూడదని నన్ను బయటికి పంపేశారు.

తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చుని, చాలా దూరం దాకా ఉగ్గబట్టుకుని, చివరికి అడిగేశాను. "అత్తా, ఆ బూట్లు జనరల్‌వి కదా?"

"తెలుసు."

"మరి?"

ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పింది. "మీ మామతో నేను ఉన్నది ఎంతకాలం? ఆయప్పకు ఏం కూర ఇష్టమో నేను సరిగ్గా తెలుసుకునే లోపల పాయ. కార్డుల్లో క్షేమం అనేది తప్ప ఒక్క మాట లేదు. ఎట్ల పోయినాడో తెలీదు. దినాలు చేస్తామని వాళ్లు అంటే, ఆడోళ్లంతా చుట్టూ కూచుంటే, నేను ఏం చెప్పి ఏడ్చాల? వట్టి నోరు తెరిచి అరిస్తే ఆయనకు శానా చిన్నతనం గదా. ఆ భయానికే ఇన్నేండ్లు ఒప్పుకోల్యా."

ఆమె ఆశతో ఉందని అనుకున్నాం మేమంతా. వీధి అనుకుంది, మా నాన్న అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆమె బొట్టు పెట్టుకుని పన్నెండేళ్లు మాటల కోసం ఎదురుచూసింది. ఆ సంగతి నా బుర్రకు ఎక్కడానికి బస్సు చాలా దూరం పోవాల్సి వచ్చింది.

అత్తే అడిగింది. "ఆ జనరల్ బతికే ఉండాడా?"

"ఉన్నాడత్తా."

"పెండ్లాం ఉండాదా?"

"ఉంది. ఆ పుస్తకం ఆమెకే అంకితం ఇచ్చాడు."

"అదృష్టవంతురాలు. ఏడ్చేకి అంతా రాసిపెట్టినాడు" అని అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది.